సితార్ సోలో ఆల్బమ్‌ను ఎలా వినాలి: షడ్జమం పట్టుకోవడం నుంచి సమ్ దాకా

హిందుస్తానీ రాగాల సితార్ ఆల్బమ్ ఒకటి చేతికి అందిన తరువాత దాన్ని ఎక్కడ మొదలుపెట్టి, ఏం గమనిస్తూ వినాలో తెలియడం లేదని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. అడిగేవారిలో రెండు రకాల వారున్నారు. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోనో సికింద్రాబాద్‌లోనో మూడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, వర్ణాలు దాటి కీర్తనల దాకా వచ్చి ఆపేసినవారు మొదటి రకం. సంగీతం ఏదీ నేర్చుకోకపోయినా సితార్ నాదం మీద ఇష్టంతో వినడం మొదలుపెట్టి, పది నిమిషాలు గడిచేసరికి మనసు ఎటో పోతోందని బాధపడేవారు రెండవ రకం. ఇద్దరి ఫిర్యాదూ చివరికి ఒక్కటే: అంతా ఒకేలా వినిపిస్తోంది.

అది చెవి లోపం కాదు. పాటలో సాహిత్యం ఉంటుంది, పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, వాటిని పట్టుకుని మనం ముందుకు పోతాం. సితార్ ఆల్బమ్‌లో ఆ ఆసరా ఉండదు. అక్కడ పట్టుకోవలసినవి రెండే: స్వరాలకు ఆధారమైన షడ్జమం (స), తాళానికి ఆధారమైన సమ్, అంటే ఆవర్తనంలోని మొదటి మాత్ర. ఈ రెంటిలో ఒకటి చేజారినా ఎంత గొప్ప వాదనమైనా అలంకరణగా మాత్రమే వినిపిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో రాగ లక్షణాల పాఠం చెప్పడం లేదు; ఒక్క ఆల్బమ్‌ను, అందులోనూ ఒక్క రాగాన్ని, రెండు వారాల్లో ఏడెనిమిది సార్లు కూర్చుని ఎలా వినాలో మాత్రమే వివరిస్తున్నాను.

కావలసినవి

మొదట కావలసింది తగిన రాగం ఉన్న ఆల్బమ్. యమన్, భీంపలాసీ, అహిర్ భైరవ్, మాల్‌కౌన్స్, కీరవాణి: వీటిలో ఏదైనా మొదటి ప్రయత్నానికి అనుకూలంగా ఉంటుంది. మార్వా, శ్రీ, దర్బారీ కానడలతో మొదలుపెట్టవద్దు. మార్వాలో పంచమం లేదు, షడ్జమాన్ని కూడా కళాకారుడు కావాలనే చాలాసేపు తప్పించుకుంటూ తిరుగుతాడు. ఆ రాగం అందమంతా ఆ నిలకడలేని సాయంకాలపు అశాంతిలోనే ఉంది. నేను తెలియక మార్వాతోనే మొదలుపెట్టి నెల రోజులు విన్నా ఆధార స్వరం దొరకక ఆల్బమ్‌ను పక్కన పెట్టేశాను. రాగం తప్పు కాదు, నేను ఎంచుకున్న క్రమం తప్పు.

రెండవది, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, లేదా ఒక మాదిరి స్పీకర్లు. ఫోన్‌లోని స్పీకర్ పనికిరాదు. రవిశంకర్ బాణీ సితార్‌లో ఖరజ్ అనే లావు తీగ ఉంటుంది. దాని షడ్జమం సుమారు 70 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఆ గంభీరమైన నాదాన్ని ఫోన్ స్పీకర్ వినిపించలేదు. తాళం లేకుండా రాగాన్ని నెమ్మదిగా పరిచే మొదటి భాగమైన ఆలాప్‌లో సగం సౌందర్యం అక్కడే పోతుంది.

మూడవది, తంబూరా యాప్. ఇంట్లో పాత శ్రుతిపెట్టె ఉంటే అది ఇంకా మంచిది. నాలుగవది, ఒక నోటు పుస్తకం, కలం. ఇవి కాక ఎవరూ పిలవని 40 నిమిషాలు కావాలి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో పోతే అంతకన్నా ఎక్కువ సమయమే దొరుకుతుంది కదా, అప్పుడు వినవచ్చా అని కొందరు అడిగారు. తబలాతో సాగే గత్ భాగాన్ని వినవచ్చు. ఆలాప్‌ను వినవద్దు, రైలు చప్పుడులో మొదట మునిగిపోయేవి స్వరాల మధ్య ఉన్న నిశ్శబ్దాలు, ఆలాప్ నిలబడేది వాటి మీదనే.

1. పేరు, తాళం, నిడివి రాసుకోండి

వినడానికి ముందు ఆల్బమ్ వివరాలను చూసి, రాగం పేరు, అందులోని భాగాలు, తాళం, ప్రతి భాగం నిడివి నోటు పుస్తకంలో రాసుకోండి. ‘ఆలాప్, జోడ్, ఝాలా’ ఒక ట్రాక్‌గాను, ‘విలంబిత్ (నెమ్మది) గత్, ద్రుత్ (వేగం) గత్’ మరో ట్రాక్‌గాను ఉండటం సాధారణం. రాగమంతా కలిపి 20 నిమిషాల పైచిలుకు మాత్రమే ఉంటే, అది గ్రామఫోన్ ఎల్పీ కాలంలో ఒక పక్కకు సరిపోయేలా వాయించినదై ఉండవచ్చు. కచేరీలో గంటసేపు సాగే రాగాన్ని కళాకారుడు అందులో కుదించి చెబుతాడు కాబట్టి ఆలాప్ త్వరగా ముగిసిపోతుంది. కొత్తవారికి అది నిజానికి అనుకూలమే.

ఇక్కడ కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఒక హెచ్చరిక. పేరు కలిసినంత మాత్రాన రాగం కలవదు. మన హిందోళం అక్కడ మాల్‌కౌన్స్. అక్కడి హిందోల్ తీవ్ర మధ్యమం ఉన్న వేరే రాగం. మన తోడి స్వరాలు వారి భైరవికి దగ్గరగా ఉంటాయి. వారి తోడి మన శుభపంతువరాళికి దగ్గరగా ఉంటుంది. మన భైరవి మళ్లీ వేరు. వారి శ్రీలో కోమల రిషభం, తీవ్ర మధ్యమం ఉంటాయి, మన శ్రీరాగం ఖరహరప్రియ జన్యం. పేరు చూసి ముందే ఒక స్వరూపాన్ని ఊహించుకుని కూర్చుంటే మొదటి పది నిమిషాలు ఆ ఊహతో పోరాడటానికే సరిపోతాయి.

2. పరికరాన్ని సరిచేయండి

షఫుల్ ఆపండి. ఒక ట్రాక్ చివరను తరువాతి ట్రాక్ మొదట్లో కలిపే క్రాస్‌ఫేడ్ సౌకర్యాన్ని తప్పక ఆపండి, ఎందుకంటే ఝాలా ముగిసిన తరువాత మిగిలే తరబ్ తీగల (అసలు తీగల కింద వాటంతటవే మోగే సన్న తీగల) అనురణనాన్ని అది కోసేస్తుంది. బాస్ పెంచే అమరికలను, ఈక్వలైజర్‌ను తీసేయండి. సితార్ గొంతులోని ఝుంకారం జవారీ నుంచి, అంటే తీగలు ఆనుకునే ఆ వెడల్పాటి వంతెన మీద తీగ ఒరుసుకుంటూ కంపించడం నుంచి పుడుతుంది. అది పై స్థాయి అనుస్వరాలతో నిండి ఉంటుంది కాబట్టి ఈక్వలైజర్ ఏ కొంచెం మార్చినా ఆ గొంతు మారిపోతుంది. సీలింగ్ ఫ్యాన్‌ను తగ్గించండి, కుదిరితే ఆపండి.

3. షడ్జమాన్ని పట్టుకోండి

మొదటి రోజు ఈ ఒక్క పని చేస్తే చాలు, ఆల్బమ్ అంతా వినవలసిన అవసరం లేదు.

ట్రాక్ మొదలైన వెంటనే చాలా సందర్భాల్లో ఒక స్వరాల జల్లు వినిపిస్తుంది. పర్దాల (తీగ నొక్కే మెట్ల) కింద సాగే తరబ్ తీగలను కళాకారుడు వేలితో ఒక్కసారిగా మీటిన నాదం అది. సుమారు 11 నుంచి 13 వరకు ఉండే ఆ తీగలను ఆ రోజు వాయించబోయే రాగ స్వరాలకే శ్రుతి చేస్తారు కాబట్టి ఆ జల్లులో రాగమంతా ముందుగానే పరిచయమైపోతుంది. తొందరపడకుండా ఆ పది సెకన్లను నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి వినండి.

తరువాత చికారీ తీగల కోసం వెతకండి. ఒక పదబంధం ముగిసి మరొకటి మొదలయ్యే సందులో సన్నగా, పైస్థాయిలో ‘ఝణ్’ మని వినిపించేవి అవే. వాటిలో ప్రధానమైనవి షడ్జమానికే శ్రుతి చేసి ఉంటాయి. కళాకారుడు ఏ స్వరం మీద నిలిచి ఉన్నా చికారీ షడ్జమాన్నే గుర్తుచేస్తూ ఉంటుంది. ఆ నాదాన్ని మీ గొంతుకు అనుకూలమైన స్థాయిలోకి దించి సన్నగా హమ్ చేయండి. ఇప్పుడు తంబూరా యాప్‌ను తెరిచి ఆ స్వరానికి సరిపెట్టండి. మన లెక్కలో చెప్పాలంటే సితార్ ఎక్కువగా ఒకటిన్నర శ్రుతిలోనో రెండు శ్రుతిలోనో ఉంటుంది, కాబట్టి అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి. పాత టేపుల నుంచి తీసిన రికార్డింగుల్లో శ్రుతి ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉండవచ్చు. అలాంటప్పుడు యాప్‌లోని సూక్ష్మ సర్దుబాటును వాడండి.

ఇక్కడ జరిగే తప్పులు రెండు, రెండూ చాలా మందికి జరుగుతాయి. యమన్‌లో పంచమాన్ని షడ్జమంగా పొరబడటం మొదటిది. అలా పొరబడితే మీకు యమన్‌తో స్వరాలు కలిసే మన కల్యాణి బదులు శంకరాభరణం వినిపిస్తుంది. మాల్‌కౌన్స్‌లో మధ్యమాన్ని షడ్జమంగా తీసుకోవడం రెండవది. ఆ రాగంలో పంచమం లేదు కనుక తంబూరాను మధ్యమానికి కలుపుతారు, రాగానికి జీవస్వరం కూడా మధ్యమమే, అందుచేత చెవి అటే మొగ్గుతుంది. అప్పుడు మీకు శుద్ధ ధన్యాసి వినిపిస్తుంది. గ్రహభేదం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తెలియనివారికి సులువైన గుర్తు ఒకటి చెబుతాను: మాల్‌కౌన్స్ అని రాసి ఉన్న ట్రాక్‌లో మీకు పంచమం దొరికిందంటే మీరు పట్టుకున్న షడ్జమం తప్పు.

సరిచూసుకోవడం ఇలా: ట్రాక్ మధ్యలో ఎక్కడైనా ఆపండి. పది సెకన్లు నిశ్శబ్దంగా ఉండి, షడ్జమాన్ని గొంతుతో పలకండి. తంబూరా యాప్‌ను ఆన్ చేయండి. రెండూ కలిస్తే ఈ మెట్టు పూర్తయింది. ఐదు చోట్ల ఆపి చూస్తే నాలుగు చోట్లైనా కలవాలి. కలవనంత వరకు తరువాతి మెట్టుకు వెళ్లవద్దు. మూడు రోజులు పట్టినా ఫరవాలేదు.

పాడటం అలవాటు లేనివారు యాప్‌ను చాలా తక్కువ ధ్వనిలో సితార్‌తో పాటే మోగించి వినవచ్చు. శ్రుతి సరిగ్గా ఉంటే అది సితార్ వెనుక కలిసిపోయి కనిపించకుండా పోతుంది, తప్పితే చెవిలో గుచ్చుకుంటుంది.

4. ఆలాప్‌ను స్వరం స్వరంగా అనుసరించండి

ఆలాప్‌లో తాళం లేదు, తబలా లేదు. ఏమీ జరగడం లేదని ఎక్కువ మంది వదిలేసే భాగం ఇదే, రాగం ఎక్కువగా తెలిసేదీ ఇక్కడే.

కళాకారుడు సాధారణంగా మధ్య షడ్జమం చుట్టూ మొదలుపెట్టి, కిందికి మంద్రస్థాయిలోకి దిగి, అక్కడ చాలాసేపు ఉండి, మళ్లీ నెమ్మదిగా ఒక్కో స్వరాన్నీ కలుపుకుంటూ పైకి వస్తాడు. ఈ ప్రయాణాన్ని గమనించడానికి నోటు పుస్తకంలో నాలుగు గీతలు గీసుకుని నాలుగు సమయాలను రాయండి: మంద్రస్థాయిలో అన్నిటికన్నా కిందికి దిగిన నిమిషం, మధ్యస్థాయి గాంధారం మీద మొదటిసారి నిలిచిన నిమిషం, పంచమం (మాల్‌కౌన్స్ అయితే మధ్యమం) మీద మొదటిసారి నిలిచిన నిమిషం, పై షడ్జమం మొదటిసారి మోగిన నిమిషం. ఈ నాలుగవది ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ వింటే ఆలాప్ తన ఉత్కంఠను తానే బయటపెడుతుంది. మంచి కళాకారుడు పై షడ్జమం గుమ్మం దాకా వచ్చి, నిషాదం మీద ఆగి, వెనక్కి తిరిగిపోతాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ పోతాడు. ఎనిమిదవ నిమిషంలోనో పదవ నిమిషంలోనో ఆ స్వరం చివరికి మోగినప్పుడు కలిగే తృప్తి కోసమే నేను యమన్‌ను ఎన్నిసార్లైనా వింటాను.

యమన్‌ను ఎంచుకున్నవారు మరో విషయం గమనించాలి. పైకి పోయేటప్పుడు కళాకారుడు షడ్జమాన్ని తొక్కకుండా నిషాదం నుంచి నేరుగా రిషభానికి, అక్కడి నుంచి గాంధారానికి వెళ్లడం తరచుగా వినిపిస్తుంది. అలాగే పంచమాన్ని దాటేసి తీవ్ర మధ్యమం నుంచి ధైవతానికి పోతాడు. ‘ని రి గ’ అనే ఆ మూడు స్వరాల పలుకును ఒక్కసారి గుర్తుపట్టగలిగితే ట్రాక్ అంతటా అది మీకు దారి చూపుతుంది. ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టి లెక్కించండి.

ఆ తరువాత మీండ్‌ను వినండి. సితార్‌లో ఎడమచేతి వేలు తీగను పర్దా మీద నొక్కి పక్కకు లాగినప్పుడు, కుడిచేతి మీటు ఒక్కటే అయినా స్వరం పైకి జారుతుంది. అలా ఒక్క పర్దా మీద నాలుగైదు స్వరాల దూరం వరకు లాగవచ్చు. కాబట్టి ఒక మీటుకు ఒక స్వరం అని లెక్క పెట్టుకోవద్దు. ఒక మీటు వినగానే కళ్లు మూసుకుని, ఆ నాదం ఆగేలోగా అది ఎన్ని మెట్లు ఎక్కి దిగిందో వేళ్ల మీద లెక్కించండి. మొదట రెండు మాత్రమే దొరుకుతాయి. వారం తరువాత నాలుగు దొరుకుతాయి. వీణ విన్నవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే అక్కడా తీగ లాగుడే గమకానికి ప్రాణం. తేడా ఏమిటంటే సితార్‌లో ఆ జారుడు మరింత నిదానంగా, నిలిచి నిలిచి సాగుతుంది.

హెచ్చరిక: ఆలాప్‌ను ఎంత నిడివి ఉన్నా ముక్కలు చేసి వినవద్దు. సమయం లేకపోతే ఆ రోజు గత్ వినండి.

5. జోడ్, ఝాలాలను వేరుచేయండి

ఇది తేలిక. ఆలాప్ సాగుతుండగా మధ్య మధ్యలో పాదంతో నేల మీద తట్టి చూడండి. తట్టు దేనికీ అందకపోతే ఇంకా ఆలాప్‌లోనే ఉన్నారు. వరసగా ఎనిమిది తట్లు సమంగా పడి, సితార్ మీటులు వాటితో కలిశాయంటే జోడ్ మొదలైంది. తబలా ఇంకా రాలేదు, తాళావర్తనం కూడా లేదు, నడక మాత్రమే వచ్చింది. నడక వేగం పెరిగి, అసలు తీగ మీద ఒక మీటు పడితే చికారీ మీద మూడు పడుతూ ‘దా రా రా రా’ అని నిండుగా మోగడం ఝాలా. మూడింటి సరిహద్దుల సమయాలను రాసుకోండి. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా తప్పు లేదు, ఎందుకంటే ఆలాప్ నుంచి జోడ్‌కు మారేచోటును చాలా మంది కళాకారులు కావాలనే కనిపించనివ్వరు.

6. తబలా వచ్చిన తరువాత సమ్ వెతకండి

‘సోలో’ అన్న మాట చూసి తబలా ఉండదని అనుకోవద్దు. ప్రధాన వాద్యం ఒక్కటే అని దాని అర్థం. గత్ మొదలు కాగానే తబలా చేరుతుంది.

ఆల్బమ్‌లో తీన్‌తాల్ అని రాసి ఉన్న గత్‌ను ఎంచుకోండి. ఇది 16 మాత్రల తాళం, నాలుగు నాలుగుగా విడిపోతుంది. 1వ, 5వ, 13వ మాత్రలకు చప్పట్లు కొట్టాలి; 9వ మాత్ర ఖాలీ, అక్కడ చేతిని వెల్లకిలా విసరాలి. తబలా మీద వినిపించే ఠేకా, అంటే తాళాన్ని పలికించే దరువు వరస, ఇది:

ధా ధిం ధిం ధా / ధా ధిం ధిం ధా / ధా తిం తిం తా / తా ధిం ధిం ధా

దీన్ని తబలా తోడు లేకుండా, చేత్తో తాళం వేస్తూ, గుక్క తిప్పకుండా పది ఆవర్తనాలు పలకగలిగే వరకు నోటికి తెచ్చుకోండి. ఆ తరువాతే ట్రాక్ పెట్టండి.

తబలాలో ఎడమచేతి డగ్గా, అంటే బాయా, గుమ్మని లోతుగా పలుకుతుంది. పై ఠేకాలో 10 నుంచి 13 వరకు ఉన్న నాలుగు మాత్రల్లో ఆ గుమ్మనే శబ్దం ఉండదు. 14వ మాత్రకు మళ్లీ వస్తుంది. ఇదే మీకు దీపస్తంభం. ఎక్కడ లెక్క తప్పినా బాయా మౌనంగా ఉన్న ఆ నాలుగు మాత్రల కోసం ఎదురుచూడండి. అది తిరిగి గుమ్మనగానే ‘పద్నాలుగు, పదిహేను, పదహారు’ అని లెక్కించి సమ్ మీద చప్పట్లు కొట్టండి.

విలంబిత్‌లో మసీత్‌ఖానీ అనే రకం గత్ అయితే ఇంకో సహాయం ఉంది. దాని పల్లవి వంటి ముఖ్‌డా 12వ మాత్ర నుంచి మొదలై ‘దిర దా దిర దా రా’ అని ఐదు మాత్రలు నడిచి, ఆ వెంటనే వచ్చే ‘దా’ సరిగ్గా సమ్ మీద పడుతుంది. కళాకారుడు ఎంత విస్తరించినా చివరికి ఈ ముఖ్‌డాకు తిరిగి వస్తాడు. ఆ ఐదు మాత్రల గుర్తు దొరికిందంటే సమ్ మిమ్మల్ని పిలుస్తున్నట్టే ఉంటుంది. ద్రుత్ గత్‌లో ఆవర్తనం కొద్ది సెకన్లలోనే తిరిగిపోతుంది కాబట్టి అన్ని మాత్రలూ లెక్కించడం కుదరదు. అక్కడ సమ్, ఖాలీ రెంటినే పట్టుకోండి.

కర్ణాటక శ్రోతలు ఇక్కడ చేసే తప్పు ఒకటి ఉంది. చేయి అలవాటుగా ఆదితాళం వేస్తుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళం రెండుసార్లు వేస్తే 16 మాత్రలు సరిపోతాయి కాబట్టి లెక్క తప్పినట్టే అనిపించదు, కాని మీరు 9వ మాత్రను సమ్ అనుకుంటూ ట్రాక్ అంతా వినేసే ప్రమాదం ఉంది. బాయా పరీక్షతో దాన్ని వెంటనే సరిదిద్దుకోవచ్చు: మీ సమ్ పడిన మరుసటి మాత్రల్లోనే బాయా మాయమైపోతే మీరు తలకిందులుగా ఉన్నారు. అలాగే ఆల్బమ్ మీద రూపక్ అని ఉంటే అది మన రూపకం కాదు. అది 7 మాత్రల తాళం, 3, 2, 2గా విడిపోతుంది, విచిత్రంగా దాని సమ్ మీదనే ఖాలీ ఉంటుంది. 10 మాత్రల ఝప్‌తాల్ 2, 3, 2, 3గా నడుస్తుంది. ఈ రెంటినీ తీన్‌తాల్ చేతికి వచ్చిన తరువాతే ప్రయత్నించండి.

7. తిహాయిలో పందెం వేసుకోండి

ఒకే పదబంధాన్ని మూడుసార్లు వాయించి, మూడవదాని చివరి దెబ్బను సమ్ మీద (కొన్నిసార్లు ముఖ్‌డా మొదట్లో) వేయడమే తిహాయి. మొదటిసారి వినగానే గుర్తించి, రెండవసారి నడుస్తుండగా మూడవది ఎక్కడ ముగుస్తుందో ఊహించి అక్కడ చప్పట్లు కొట్టండి. పిల్లలతో కలిసి చేస్తే వారు మనకన్నా ముందే పట్టుకుంటారు. మా ఇంట్లో అలాగే జరిగింది.

8. ఇప్పుడు కర్ణాటక రాగంతో పోల్చండి

ఈ మెట్టును ఇంత వెనక్కి కావాలనే పెట్టాను. మొదటి రోజే పోలిక మొదలుపెట్టినవారు సితార్‌ను వినడం మానేసి రాగం పేరు వెతకడంలో పడిపోతారు. యమన్‌ను కల్యాణితో, భీంపలాసీని ఆభేరితో, అహిర్ భైరవ్‌ను చక్రవాకంతో, మాల్‌కౌన్స్‌ను హిందోళంతో పక్కపక్కన పెట్టి వినండి. స్వరాలు దాదాపు కలుస్తాయని తెలిసిన తరువాత, కలవనిది ఏమిటో రాయండి. ఉదాహరణకు హిందోళంలో గమకం కదిలించే స్వరాన్ని మాల్‌కౌన్స్‌లో ఎంతసేపు కదలకుండా నిలిపారో చూడండి. కీరవాణి మన నుంచే అటు వెళ్లిన రాగం కాబట్టి అది పోలికకు మరింత ఆసక్తికరంగా ఉంటుంది: మన ఇంటి పిల్ల వేరే ఊరిలో వేరే యాసతో మాట్లాడుతుంటే విన్నట్టు ఉంటుంది.

9. అదే రాగాన్ని మరొకరి చేతిలో వినండి

ఒక కళాకారుడి యమన్ పట్టుబడిన తరువాత వెంటనే మరో రాగానికి పోవద్దు. మరొకరి యమన్ వినండి. రవిశంకర్ (1920–2012), విలాయత్ ఖాన్ (1928–2004), నిఖిల్ బెనర్జీ (1931–1986) ముగ్గురి రికార్డింగులూ సులభంగా దొరుకుతాయి. విలాయత్ ఖాన్ తన సితార్‌లో లావు ఖరజ్ తీగను ఉంచుకోలేదు. గొంతు పాడినట్టు తీగ పలకాలన్నది ఆయన పట్టుదల, ఆ బాణీని గాయకీ అంగ్ అంటారు. మైహర్ ఘరానాకు (గురుపరంపరకు) చెందిన రవిశంకర్ వాదనంలో మంద్రస్థాయి గాంభీర్యం, లెక్కల వైవిధ్యం ఎక్కువగా వినిపిస్తాయి. రవిశంకర్ గురువైన అల్లాఉద్దీన్ ఖాన్ వద్దే నేర్చుకున్న నిఖిల్ బెనర్జీ చేతిలో ఆ మంద్రం మరోలా, లోపలికి చూసుకుంటున్నట్టు పలుకుతుంది. ఎవరు గొప్ప అన్న చర్చకు ఇప్పుడే దిగవద్దు; ఖరజ్ తీగ ఉందా లేదా అన్నది చెవితో చెప్పగలిగితే ప్రస్తుతానికి చాలు.

తరచుగా జరిగే మరికొన్ని తప్పులు

ఝాలా బాగుందని దాన్ని మాత్రమే మళ్లీ మళ్లీ వినడం వాటిలో మొదటిది. ఆలాప్ నుంచి నడిచి వచ్చినవారికి ఝాలా వేగం ఒక గమ్యంలా వినిపిస్తుంది, నేరుగా అక్కడికి దూకినవారికి అది వేగం మాత్రమే. పని చేసుకుంటూ నేపథ్యంలో పెట్టుకోవడం మరొకటి. అది పాపమేమీ కాదు, కాని దాన్ని వినడం లెక్కలో వేయకండి.

రాగ సమయాల గురించి భయపడేవారు కూడా ఉన్నారు. భైరవ్ తెల్లవారుజామున, భీంపలాసీ మధ్యాహ్నం దాటాక, యమన్ దీపాలు పెట్టిన తరువాత, మాల్‌కౌన్స్ బాగా పొద్దుపోయాక అన్నది సంప్రదాయం. ఆ వేళకు వింటే నిజంగానే బాగుంటుంది, కాని ఉద్యోగం చేసుకునేవారు వేళ కుదరలేదని వారం రోజులు వినకుండా ఉండటం కన్నా దొరికిన వేళకు వినడం మేలు. మన హైదరాబాద్ నగరంలో సాయంత్రం 6 నుంచి 9 వరకు రోడ్డు చప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. మెయిన్ రోడ్డు పక్కన ఉండేవారు యమన్‌ను రాత్రి 10 తరువాత విన్నా దోషం లేదు.

ఫలితాన్ని ఎలా పరీక్షించుకోవాలి

రెండు వారాలు గడిచిన తరువాత ఇంట్లో ఎవరినైనా సహాయం అడగండి. మీరు విన్న రాగంలో మరో కళాకారుడి ట్రాక్‌ను, వేరే రాగాల ట్రాక్‌లు మూడింటిని వారికి ఇచ్చి, పేరు చెప్పకుండా ఒక్కొక్కటి రెండు నిమిషాలు మధ్యలో నుంచి వినిపించమనండి. మీ రాగాన్ని గుర్తించగలగాలి. తరువాత ఏదైనా తీన్‌తాల్ గత్‌ను మధ్యలో మొదలుపెట్టించి, ఐదు ఆవర్తనాలలోపు సమ్ మీద చప్పట్లు కొట్టండి. రాగం దొరికి తాళం దొరకకపోతే 6వ మెట్టుకు, తాళం దొరికి రాగం దొరకకపోతే 3వ, 4వ మెట్లకు తిరిగి వెళ్లండి. రెండూ దొరకకపోతే ఎక్కువ సందర్భాల్లో కారణం ఒక్కటే: రెండు వారాల్లో ఒకటికి మించి రాగాలు విని ఉంటారు.

దీని తరువాత చేయవలసింది ఎదురుగా కూర్చుని వినడం. హిందుస్తానీ సంగీతం ఈ నగరానికి పరాయిది కాదు. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ తన చివరి రోజులు గడిపి 1968లో కన్నుమూసింది ఇక్కడి బషీర్‌బాగ్‌లోనే; పండిత్ జస్‌రాజ్ తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్‌ల పేరిట సంగీత సమారోహాన్ని నిర్వహించిందీ ఈ నగరంలోనే. రవీంద్రభారతిలోనో మరో సభలోనో సితార్ కచేరీ ఉందని తెలిసినప్పుడు పావుగంట ముందు వెళ్లి, కళాకారుడి ఎడమచేయి స్పష్టంగా కనిపించే చోట కూర్చోండి. ఇంతకాలం చెవితో మాత్రమే పట్టుకున్న మీండ్‌ను అక్కడ కంటితో చూడవచ్చు: తీగ ఎంత దూరం పక్కకు పోతుందో, స్వరం అంత పైకి పోతుంది. శ్రుతి చేసుకోవడం ఆలస్యమైతే విసుగుపడకండి. అది ముగిసిన తరువాత తరబ్ తీగల మీద వేలు జారి ఆ జల్లు కురుస్తుంది. కళాకారుడు రాగం పేరు ప్రకటించకముందే అదేమిటో నోటు పుస్తకంలో రాసుకుని, ప్రకటించిన తరువాత సరిచూసుకోండి.